కదిరమ్మ కన్ను

ఎర్రప్పకు పెళ్ళయి ముప్పై నాలుగేళ్ళు. ఇన్నేళ్ళలో పెళ్ళాన్ని చూసి నోరెళ్ళబెట్టిన సందర్భాలు చెప్పమంటే ఆయనకు రెండు చేతుల వేళ్ళూ చాలవు. అయితే ఆ మాట ఆమె ముందు పొరపాటున కూడా అనడు. అన్నాడంటే ఇంట్లో తన మాట చెల్లదని భయం. ఇప్పుడేదో చెల్లుతున్నట్టు!

ఆయన అబ్బురమంతా ఆమె కంటి గురించే. అవేమీ చక్రాల్లాంటి కళ్ళు కావు. చిన్నవి, లోపలికి పోయినవి, ఎడమ రెప్ప మీద చిన్ననాటి కురుపు మచ్చ ఒకటి. కానీ గోరంట్ల చుట్టూ పట్టుపురుగులు పెంచే పది పన్నెండు పల్లెల్లో ఆ కళ్ళ సంగతి తెలియని వాళ్ళు లేరు. పురుగులు నాలుగో జరానికి పోయాయంటే ఎవరో ఒకరు ఫోను చేస్తారు. ఎర్రప్ప తన టీవీఎస్ బండి బయటికి తీస్తాడు. కదిరమ్మ వెనక ఒక పక్కకు కూర్చుని, కొంగు నడుముకు చెక్కుకుని, "ఊఁ, పోనీ" అంటుంది. రాళ్ళ గుట్టల మధ్య, ఎర్రమట్టి దోవల్లో ఆ బండి చప్పుడు వినబడగానే ఆ ఊరి రైతు గుండె కుదుటపడుతుంది.

జరమంటే నిజంగా జ్వరం కాదు. పట్టుపురుగు పుట్టినప్పటినుంచి గూడు కట్టేలోపు నాలుగుసార్లు నిద్రపోతుంది. తిండి మానేసి, తల పైకెత్తి, మల్బరీ ఆకు మీద బిగుసుకుని, ఒక రోజుకు పైగా కదలదు, మెదలదు. ఆ నిద్రలోనే లోపల కొత్త తోలు తయారవుతుంది. పాత తోలు విడిచి, ఆకలితో లేస్తుంది. ఆ నిద్రను ఈ వైపు జరం అంటారు. జరంలో ఉన్న పురుగును ఎవరూ ముట్టుకోరు. ఆకు వెయ్యరు, పురుగులు పరిచిన అర కదిలించరు, షెడ్డులో గట్టిగా మాట్లాడరు. పైన ఇంత సున్నప్పొడి చల్లి, పసిపిల్ల పడుకున్న గదిలోంచి వచ్చినట్టు మెల్లగా బయటికి వచ్చేస్తారు.

వేలకు వేల పురుగులు అలా తలలెత్తి నిద్రపోతుంటే, ఒకటో రెండో మాత్రం నిద్రపోవు. అవి పాల రోగం పట్టినవి. ఒళ్ళు నిగనిగలాడుతూ, కణుపుల దగ్గర ఉబ్బి, దోవ తప్పినట్టు అర అంచు వెంబడి పాకుతుంటాయి. నాలుగైదు రోజులకు పగిలి తెల్లటి రసం కారుస్తాయి. ఆ రసం తగిలిన ఆకు తిన్నవన్నీ పోతాయి. తొలినాడే ఏరి పారేస్తే పంట నిలుస్తుంది. కానీ తొలినాడు అవి పాకేది ఎంతని? గోడ గడియారంలో నిమిషాల ముల్లు కదిలినంత. అదీ వేల తలల మధ్య, సున్నం కప్పుకున్న తెల్లటి తెలుపులో.

అది కదిరమ్మకు కనబడుతుంది. చెప్పులు బయట విడిచి, గుమ్మం ముందు పోసిన సున్నపు నీళ్ళలో కాళ్ళు తడిపి, అరల మధ్య సందులో ఒక్కసారి నడుస్తుంది. ఆగదు, వంగదు. కళ్ళు మాత్రం ఒకచోట నిలవవు. "ఆడొకటి. ఈ మూల రెండు. కింద అరలో, కాడ పక్కన ఒకటి" అంటూ పోతుంది. వెనక వచ్చేవాళ్ళు పుల్లతో తీసి సున్నపు బక్కెట్లో వేసుకుంటూ రావాలి. ఎర్రప్ప ఒకసారి పంతం కొద్దీ ఆమె పక్కనే నిలబడి కళ్ళల్లో నీళ్ళు కారేదాకా చూశాడు. ఆయనకు అన్నీ ఒకటిగానే కనబడ్డాయి.

"ఎట్ల కనపడతాదే నీకు?" అని అడిగాడు.

"నేను చూసేదేముండాదప్పా. అదే నా కంటిని పిలుస్తాది," అంది ఆమె.

అలాంటి కన్ను చెదరడం మొదలైంది. చెదిరిన సంగతి అందరికన్నా ముందు కనిపెట్టినవాడు ఎర్రప్ప. కనిపెట్టీ నోరు మెదపనివాడూ ఆయనే.

మూడేళ్ళ కిందట కదిరమ్మకు గర్భసంచి ఆపరేషన్ జరిగింది. గాయం మానింది గానీ నిద్ర పోయింది. కూలిపని చేసి అలిసి వచ్చినా, కడుపు నిండా సంగటి తిన్నా రెప్ప పడేది కాదు. నెల గడిచింది. ఒకరోజు పొద్దున్నే వాకిట్లో కసువు ఊడుస్తూ ఊడుస్తూ చీపురు పక్కన పెట్టి, గడప మీద కూర్చుంది.

"ఒక మాట అడుగుతా, నవ్వగూడదు," అంది. "షెడ్డులో నిద్రపోనిదాన్ని ఏం చేస్తాం మనం?"

"ఏరి సున్నంలో యేస్తాం."

"మరి నేను?"

ఎర్రప్ప నవ్వాడు. ఆమె ముఖం చూసి ఆ నవ్వు మధ్యలోనే మింగేశాడు. ఆమె నిజంగానే భయపడుతోంది. పదకొండేళ్ళప్పుడు తల్లి వెంట షెడ్డులోకి అడుగుపెట్టింది మొదలు ఆమె నేర్చుకున్నది ఒకటే పాఠం. అందరూ నిద్రపోయే వేళ నిద్రపోనిదానికి లోపల రోగం ఉంది. నలభై ఏళ్ళు ఆ పాఠంతోనే పొట్ట పోసుకున్నది, దాన్ని తనకూ వర్తింపజేసుకోకుండా ఎలా ఉంటుంది? ఇంకొకరైతే నిద్ర పట్టకపోతే వయసంటారు, దిగులంటారు, ఏదో గాలి సోకిందంటారు. కదిరమ్మ మాత్రం తనలో ఏదో పగలబోతోందని అనుకుంది.

ఎర్రప్ప ఆమెను బండెక్కించుకుని ఆపరేషన్ చేసిన డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాడు. ఆవిడ విని, పది రోజులకు నిద్రమాత్రలు రాసిచ్చి, తర్వాత ఒకసారి వచ్చి కనబడమంది. మొదటి మాత్రకే కదిరమ్మ తెల్లవార్లూ నిద్రపోయింది. ఎర్రప్ప కదిరి నరసింహస్వామికి కొబ్బరికాయ మొక్కుకున్నాడు. పది రోజులు అయిపోయాయి. పదకొండో రోజు మళ్ళీ రెప్ప పడలేదు. మళ్ళీ డాక్టరమ్మ దగ్గరికి పోయి ఉంటే కథ వేరుగా ఉండేది. వీళ్ళు పోలేదు. ఎర్రప్ప ఆ చీటీ పట్టుకుని మందుల షాపుకు పోయాడు. ఆ చీటీ మడతల దగ్గర చిరిగి నాలుగు ముక్కలయ్యేదాకా నడిచింది. ఆ తర్వాత చీటీ కూడా అక్కర్లేకపోయింది. ఎర్రప్ప ముఖమే చీటీ అయింది.

అంతటితో ఆగినా బాగుండేది. కదిరమ్మకు ఇంకో ఆలోచన వచ్చింది. పురుగు చూసే రోజు కన్ను తేటగా ఉండాలి. కన్ను తేటగా ఉండాలంటే ముందురోజు బాగా నిద్రపోవాలి. బాగా నిద్రపోవాలంటే ఒకటికి ఒకటిన్నర వేసుకోవాలి. ఇందులో తప్పేముందో చెప్పండి చూద్దాం! ఎర్రప్పకూ తప్పు కనబడలేదు. ఎక్కడైనా నాలుగో జరమని ఫోను వస్తే, తన వక్కలు కత్తిరించుకునే అడకత్తెర కడిగి తుడిచి, మాత్రను సరిగ్గా మధ్యకు తెగేలా పెట్టి కత్తిరించి ఇచ్చేవాడు. పెళ్ళాం కీర్తిలో తనకూ ఓ చెయ్యి ఉందని లోలోపల మురిసిపోయేవాడు కూడా.

రెండేళ్ళు అలాగే సాగింది. మెల్లమెల్లగా కదిరమ్మ పొద్దున పూట ఏదో మాదిరిగా అయింది. చారులో ఉప్పు వేసి, మళ్ళీ వేసేది. పిలిస్తే పలికేది, కానీ పిలుపుకూ పలుకుకూ మధ్య ఓ ఖాళీ ఉండేది. కోడి గడప దాటి బియ్యం గంపలో తల పెట్టినా, దాన్ని చూస్తూనే కాసేపటికి "హేయ్" అనేది. ఎర్రప్ప ఇవన్నీ చూశాడు. వయసులే అనుకున్నాడు. అలా అనుకోవడం సులువు మరి.

మాఘంలో పక్క పల్లె వెంకటరాముడి పంట పోయింది. కదిరమ్మ చూసి ఏడు పురుగులు ఏరించి వచ్చిన షెడ్డు అది. ఐదో రోజుకు అర అంతా పాలు కారింది. వెంకటరాముడు నోటిదురుసు మనిషి. ఆకు తడిగా ఉందేమో, మందు సరిగ్గా కొట్టలేదేమో, ఇవేవీ ఆలోచించకుండా నేరుగా వచ్చి వాకిట్లో నిలబడి, "ఏమప్పా ఎర్రప్పా, మీ ఆడమనిసికి కన్ను పోయినాది. ఇంక పిలవను" అని చెప్పి వెళ్ళిపోయాడు. కదిరమ్మ లోపలే ఉంది. వినింది.

ఎండాకాలంలో పద్మప్రియ పంట. పద్మప్రియ వీళ్ళ ఊరి రైతు ఇంటి కోడలు. ఆమె భర్తకు రాజకీయాలు, మండలాఫీసు చుట్టూ తిరుగుడు. వెయ్యడుగుల బోరు, మల్బరీ తోట, షెడ్డు అన్నీ ఆమె మీదే నడుస్తాయి. ఆమెకు కదిరమ్మ మీద గురి. ఈసారి ఒకటికి రెండుసార్లు చూసి వచ్చింది కదిరమ్మ. అయినా సగం పంట పోయింది. సాయంత్రం షెడ్డు ముందు గుంత తీసి చచ్చిన పురుగుల్ని సున్నం వేసి పూడుస్తుంటే కదిరమ్మ పక్కనే నిలబడింది. ఏడవలేదు.

"నా కండ్లు ఉండాయి పద్మమ్మా, చూపుండాది. అదిగో, ఆ గుట్ట మీద మేక కూడా కనపడతాంది. ఇవి మాత్రం నన్ను పిలవడం మానేసినాయి," అంది.

పద్మప్రియ కోప్పడలేదు. చేతులు కడుక్కుంటూ, "కదిరక్కా, ఈ షెడ్డు కడిగి, మందు కొట్టి, ఎండబెట్టి మళ్ళీ పంట పెట్టేసరికి రెండు మూడు నెలలు పడతాది. ఆలోపల నీ కన్ను డాక్టరుకు చూపించుకో. నువ్వు చూడకపోతే నేను ఈ పని చెయ్యలేను. తోట పీకేస్తా," అంది.

అప్పుడు ఎర్రప్పకు అర్థమైంది, పోతున్నది రెండు పంటలు కాదని. కన్ను పోతే కదిరమ్మలో మిగిలేది ఏమిటో ఆమెకూ తెలియదు, ఆయనకూ తెలియదు.

హిందూపురం ఆసుపత్రిలో కంటి డాక్టరు పేరు హేమలత. ముప్పై ఏళ్ళుంటాయేమో. గోడ మీద అక్షరాల పట్టీ దగ్గర కదిరమ్మకు చదువు రాదు కాబట్టి, మూడు కొమ్ముల గుర్తు ఎటు తిరిగిందో చేత్తో చూపించమంది. కదిరమ్మ కింది వరుస దాకా చూపించింది. పొర లేదు, పువ్వు లేదు. డాక్టరు లైటు వేసి లోపలంతా చూసి, "కన్ను బాగుందమ్మా. నీ వయసుకు ఇంత బాగుండటం గొప్పే," అంది.

"బాగుంటే పురుగెందుకు కనపడలేదు మేడం?" అంది కదిరమ్మ. ఆ గొంతులో మొదటిసారి కోపం వినబడింది ఎర్రప్పకు.

డాక్టరు ఏ పురుగని అడిగింది. కదిరమ్మ చెప్పింది. జరం సంగతి, నిద్రపోని పురుగు సంగతి, అది గడియారం ముల్లంత మెల్లగా పాకే సంగతి. డాక్టరు బయట కూర్చున్న మనుషులను మరిచిపోయి వినింది. విన్న తర్వాత రెండు పెన్నులు తీసి, ఒకటి ఎడమ చేత్తో, ఒకటి కుడి చేత్తో ఎత్తి పట్టుకుంది. "తల కదిలించొద్దు. ఇది చూడు. ఇప్పుడు అది చూడు. ఇది. అది." తర్వాత ఒక్క పెన్ను పట్టుకుని మెల్లగా అటు నుంచి ఇటు జరిపి, దాని వెంటే చూడమంది. చూసి, కనుబొమ్మలు ముడిచింది. తన ఫోను తీసి ఎర్రప్ప చేతికిచ్చి, నెమ్మదిగా చూపించే వీడియో పెట్టి, కదిరమ్మ కళ్ళను అందులో పట్టమంది. తర్వాత తన కళ్ళు కూడా పట్టమంది. డాక్టరు కళ్ళల్లోకి అంత దగ్గరగా చూడటం ఎర్రప్పకు కొత్త.

ముగ్గురూ తలలు దగ్గర పెట్టి ఆ ఫోనులో చూశారు. ముందు డాక్టరు కళ్ళు. నల్లగుడ్డు ఎడమ నుంచి కుడికి జారుతుందనుకున్నాడు ఎర్రప్ప. జారలేదు. దూకింది. మిడత దూకినట్టు ఇక్కడ లేచి అక్కడ వాలింది. అంత మెల్లగా తిప్పిన వీడియోలో కూడా ఆ దూకుడు కంటికి ఆనీ ఆనకుండా పోయింది.

"ఒకదాన్నుంచి ఇంకోదానికి మారేటప్పుడు మన కన్ను జారదు. దూకుతాది," అంది డాక్టరు. "రోజుకు లక్షసార్లకు పైనే దూకుతాది. దూకే ఆ కాస్తసేపూ మనకు ఏమీ కనబడదు. కనబడలేదన్న సంగతి కూడా మనకు తెలియదు. ఇంటికి పోయి అద్దంలో చూసుకోండి. ఒక కన్ను చూసి ఇంకో కన్ను చూడండి. మీ కన్ను కదలడం మీకెప్పటికీ కనబడదు."

ఎర్రప్ప తన రెప్పల మీద వేళ్ళు పెట్టి తడిమి చూసుకున్నాడు. యాభై ఎనిమిదేళ్ళు వచ్చాయి. మెలకువగా ఉన్నంతసేపూ తన ముఖంలోనే ఇంత పని జరుగుతుంటే తనకు ఇవాళ్టిదాకా తెలియదు.

అప్పుడు కదిరమ్మ కళ్ళు పెట్టింది డాక్టరు. ఇవీ దూకాయి. కానీ పెన్ను మారిన తర్వాత ఆగి, ఆలోచించుకుని బయల్దేరాయి. దూకింది కూడా నీళ్ళలో నడిచినట్టు బరువుగా. పెన్ను దాకా చేరకుండా మధ్యలో వాలి, మళ్ళీ ఓ చిన్న దూకు దూకాయి. పెన్ను వెంట మెల్లగా పోవాల్సినప్పుడు వెనకబడిపోయి, తడబడుతూ, ఎగురుతూ అందుకున్నాయి. ఎర్రప్ప ఫోను ఇంకా దగ్గరికి లాక్కున్నాడు. తను పెళ్ళాడిన కన్ను అది. దాని లోపల కుంటు పడింది.

"ఇది ఫోను. దీంతో కొలత చెప్పలేను, దానికి వేరే మిషన్లుండాయి. కానీ తేడా మీరే చూసినారు కదా," అంది డాక్టరు. "కదిరమ్మా, నువ్వేమైనా మాత్రలు వాడుతున్నావా? నిద్రకు?"

కదిరమ్మ ఎర్రప్ప వైపు చూసింది.

"ఒకటి," అంది కదిరమ్మ. "పురుగు చూసే ముందునాడైతే ఒకటిన్నర. కన్ను తేటగుండాలని."

డాక్టరు చేతిలో పెన్ను బల్ల మీద పెట్టింది. తిట్టలేదు. నెమ్మదిగా చెప్పింది. మాత్ర తెల్లారగానే ఒంట్లోంచి దిగిపోదని, వయసు పెరిగేకొద్దీ ఇంకా నిదానంగా దిగుతుందని, మనిషి లేచి పళ్ళు తోముకుని సంగటి కెలుకుతున్నా లోపల కంటిని నడిపించే చోటు ఇంకా మత్తులోనే ఉండవచ్చని. ఏది చూడాలో ఎంచుకుని కంటిని అటు దూకించేది ఆ చోటేనట. సరిగ్గా కన్ను చురుగ్గా ఉండాల్సిన నాడే ఆమె దాన్ని ఎక్కువ మత్తులో ముంచుతూ వచ్చింది.

"అంటే నేను లేచినా నా కన్ను లేవలేదు మేడం," అంది కదిరమ్మ.

"అంతే. కన్ను పోలేదు. నాకు తెలిసినంతలో మళ్ళీ వస్తాది. కానీ మాత్ర ఒక్కసారిగా ఆపొద్దు, అది ప్రమాదం. పై అంతస్తులో డాక్టరు ఉండారు, ఆయన చెప్పినట్టు కొంచెం కొంచెం తగ్గించండి."

కదిరమ్మ లేవలేదు. ఇంకో మాట ఉంది ఆమె దగ్గర. "మేడం, నిద్రపోని మనిసికి లోపల రోగం ఉన్నట్టేనా?"

ఆ ప్రశ్న ఎక్కడినుంచి వచ్చిందో డాక్టరుకు అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. "కాదమ్మా. నువ్వు పురుగువు కాదు. మనుషుల్లో చాలామందికి నిద్ర చెదురుతాది. మళ్ళీ వస్తాది."

కదిరమ్మ తల ఊపింది. నమ్మిందో లేదో ఎర్రప్పకు తెలియలేదు. బయట బండి దగ్గరికి వచ్చాక ఆయన అద్దం తన వైపు తిప్పుకున్నాడు. ఎడమ కన్ను చూశాడు, కుడి కన్ను చూశాడు. మళ్ళీ ఎడమ. నిజమే, ఒక్కసారి కూడా కదలలేదు! కదలకుండా అటు ఎలా పోయింది? "ఓరి దేవుడా," అన్నాడు. అటూ ఇటూ పోయేవాళ్ళు ఈ ముసలోడు సోకు చూసుకుంటున్నాడని నవ్వుకుని ఉంటారు.

పై అంతస్తు డాక్టరు లెక్క ప్రకారం రెండు వారాలకొకసారి పావు మాత్ర తగ్గాలి. మళ్ళీ అడకత్తెర ఎర్రప్ప చేతికి వచ్చింది. కానీ ఈసారి ఆయన ఒకటికి రెండుసార్లు చూసుకుని కత్తిరించేవాడు. తన చేత్తో ఎక్కించింది తన చేత్తోనే దింపుతున్నాడు. ఆ రెండు నెలలు సుఖంగా గడవలేదు. కదిరమ్మ విసుక్కుంది, చేతులు వణికాయి, రెండుసార్లు పాత మోతాదుకే పోదామంది. ఆసుపత్రికి ఫోను చేస్తే ఆ మెట్టు మీదే ఇంకో వారం ఆగమన్నారు. సాయంత్రం టీ మానేసింది. పడుకునే వేళ, లేచే వేళ ఒకటే పెట్టుకుంది.

ఎర్రప్పకు మాత్రం ఓపిక లేదు. కన్ను వస్తోందో లేదో తెలిసేదెట్లా? ఆయనే ఒక పరీక్ష కనిపెట్టాడు. చేటలో ఉలవలు పోసి పలచగా నెరిపి, అందులోకి ఒక చీమను వదిలి, చేట ఆమె ముందు పెట్టేవాడు. తను వేలితో అంచు మీద తడుతూ లెక్కపెట్టేవాడు. మొదటి వారం ఆయన ముప్పై దాకా లెక్కపెట్టినా ఆమె "యాడ?" అనే అడిగేది. చీమ అంచు దాటి ఎర్రప్ప చొక్కా మీదికి పాకేది. మూడో వారం ఇరవై. ఐదో వారం పది. మాత్ర పావుకు వచ్చిన వారంలో ఒక ఉదయం ఎర్రప్ప చీమను వదిలి ఇంకా చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"నీ ఉంగరపు వేలి పక్కన," అంది కదిరమ్మ. "ఇంకొకటి కూడా ఉండాది. అది నువ్వేసింది కాదు."

నిజంగానే ఉలవల్లో ఒక చిన్న ముక్కపురుగు ఉంది. ఎర్రప్ప చేట అక్కడే వదిలేసి ఇంటి వెనక్కి పోయి నిలబడ్డాడు. ఆయన ఏడ్చాడు. సంతోషానికే.

శ్రావణంలో పద్మప్రియ పురుగులు నాలుగో జరానికి పోయాయి. ముందురోజు ఫోను వచ్చింది. అప్పటికి మాత్ర పూర్తిగా మానేసి పదహారు రోజులు. ఆ రాత్రి కదిరమ్మకు నిద్ర పట్టింది మూడు గంటలే. పొద్దున తల దువ్వుకుంటూ, "యో, నేను పోను. నిద్రలేని కన్నుతో పోయి ఆ బిడ్డ పంట మళ్ళీ ముంచలేను," అంది.

ఎర్రప్ప బండి స్టార్టు చేసి నిలబడ్డాడు. ఆయనకూ భయంగానే ఉంది. అయినా, "నిద్రపోయి చూసినావు రెండుసార్లు. ఏమైనాది? ఈసారి నిద్రపోకుండా చూడు," అన్నాడు. ఏ ధైర్యంతో అన్నాడో ఆయనకే తెలియదు.

షెడ్డులో గాలి ఆడటం లేదు. వేలకొద్దీ తలలు పైకి లేచి ఉన్నాయి. చప్పుడు లేదు. కదిరమ్మ కాళ్ళు తడుపుకుని మొదటి సందులోకి నడిచింది. వెనక పుల్లతో పద్మప్రియ, ఆమె వెనక ఎర్రప్ప. ఈసారి ఎర్రప్ప పురుగుల వైపు చూడలేదు. అర చివరికంటా ముందుగా పోయి, ఎదురుగా నిలబడి పెళ్ళాం కళ్ళు చూశాడు. ఎన్ని దూకులు! ఇక్కడ వాలి, అక్కడ వాలి, పైఅర, కిందిఅర, మూల, కాడ, ఒక్కచోటా తడబడకుండా, ఒక్కచోటా ఆగకుండా. ఆమె నడక నిదానం, ఒళ్ళు నిదానం. కళ్ళు మాత్రం వేరే ఎవరివో అన్నట్టు పరుగులు పెడుతున్నాయి. ముప్పై నాలుగేళ్ళు ఈ కళ్ళ ఎదుటే అన్నం తిన్నాడు. ఇప్పటిదాకా వాటిని చూడనే లేదు. ఆయనకు చేతులు జోడించాలనిపించింది. సిగ్గేసి జేబులో పెట్టుకున్నాడు.

కళ్ళు ఆగాయి.

"ఆడ," అంది కదిరమ్మ. "పద్మమ్మా, ఆ ఎండుకాడ చివర. పిలిచినాది."

మొత్తం పదకొండు దొరికాయి. పద్మప్రియ వాటిని సున్నంలో వెయ్యబోతే కదిరమ్మ ఆపింది. "ఈసారి వద్దు. నా కన్ను నిజం చెప్పినాదో లేదో నాకు తెలియల్ల. టీ కప్పులుంటే ఇయ్యి." పదకొండు కాగితం కప్పులు, ఒక్కోదాంట్లో ఒక్కో పురుగు, ఒక్కో ఆకు. వాటిని అట్టపెట్టెలో సర్దుకుని ఒళ్ళో పెట్టుకుని ఇంటికి తీసుకుపోయింది. ఏ కప్పునూ ఇంకో కప్పుకు తగలనివ్వలేదు.

ఐదో రోజుకు పద్మప్రియ షెడ్డులో పురుగులు ఆకు తినే చప్పుడు రోడ్డు మీదికి వినబడుతోంది. రేకుల మీద మంచి వాన పడితే ఎట్లా ఉంటుందో అట్లా. ఈ వైపు జనం ఆ చప్పుడు కోసం ఎంతసేపైనా నిలబడతారు. ఒక్క పురుగూ పోలేదని పద్మప్రియ ఫోను చేసింది. ఇక్కడ కప్పుల్లో పదింట్లో పదీ పగిలి పాలు కారాయి. ఎర్రప్ప వాటిని దూరంగా తీసుకుపోయి కాల్చేశాడు.

పదకొండోది బతికుంది. మిగతావన్నీ లేచిన నాడు అది నిద్రకు పోయింది. ఒక రోజు ఆలస్యంగా తల ఎత్తి, బిగుసుకుని పడుకుని, పాత తోలు విడిచి, లేచి ఆకు తినడం మొదలుపెట్టింది. కదిరమ్మ ఆ కప్పు ముందు చాలాసేపు కూర్చుంది.

"దీనికి రోగం లేదు," అంది. "దీనికి నిద్ర ఆలీసమైనాది, అంతే."

ఎర్రప్ప ఆమె పక్కన చతికిలబడ్డాడు. ఆమె ముఖం వైపు చూశాడు. మూడేళ్ళ కిందట గడప మీద కూర్చుని అడిగిన మాటకు ఇప్పుడు జవాబు దొరికింది. డాక్టరు చెప్పినా ఎక్కనిది ఒక పురుగు చెబితే ఎక్కింది.

"ఎన్ని వేల పురుగులను సున్నంలో యేయించినానో," అంది మళ్ళీ, మెల్లగా. "అందులో ఇట్లాంటివి ఎన్నుండాయో."

మర్నాడు ఎర్రప్ప ఇంకా తెల్లవారకముందే, మబ్బుతోనే లేచి, ఆ ఒక్క పురుగు కోసం పద్మప్రియ తోటలో నాలుగు లేత ఆకులు కోసుకుని వచ్చాడు. వచ్చేసరికి ఎండ గడప దాటి లోపలికి వచ్చింది. కదిరమ్మ ఇంకా లేవలేదు. చాప మీద ఒక పక్కకు తిరిగి, చెంప కింద చెయ్యి పెట్టుకుని నిద్రపోతోంది. మాత్ర లేకుండా, సూర్యుడు వచ్చేదాకా నిద్రపోవడం మూడేళ్ళలో ఇదే మొదలు.

ఆయన ఆకులు చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. మూసిన రెప్పల కింద ఆమె కళ్ళు కదులుతున్నాయి. అటూ ఇటూ, ఆగి, మళ్ళీ అటు. కలగనేటప్పుడు కూడా కళ్ళు దూకుతాయని ఆ రోజు డాక్టరు చెప్పిందేమో, లేక ఇప్పుడు తనే కనిపెట్టాడో ఎర్రప్పకు గుర్తు లేదు. ఏ షెడ్డులో నడుస్తోందో, ఏ అరలో వెతుకుతోందో. ఎడమ రెప్ప మీది కురుపు మచ్చ కూడా ఆ కదలికకు మెల్లగా లేచి పడుతోంది. ఇంత దగ్గర నుంచి, ఇంతసేపు ఆయన ఈ ముఖాన్ని పెళ్ళయిన కొత్తలో కూడా చూడలేదు.

వాకిట్లో బండి ఆగింది. వెంకటరాముడు. తల మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకుని, పద్మప్రియ పంట సంగతి విన్నానని, తన పురుగులు రాత్రే నాలుగో జరానికి పోయాయని తడబడుతూ చెప్పాడు. అప్పుడన్న మాట గురించి ఏమీ అనలేదు. "కదిరక్కను లేపన్నా, పొద్దెక్కుతాంది," అన్నాడు.

ఎర్రప్ప వేలు పెదాల మీద పెట్టుకుని బయటికి వచ్చాడు. తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేశాడు.

"నిద్రలో ఉండేదాన్ని కదిలించగూడదని నీకు తెల్దా?" అన్నాడు, గుసగుసగా. "ఆ అరుగు మీద కూర్చో. అదే లేస్తాది. ఆకలితో లేస్తాది, నేను పొయ్యి అంటిస్తా."